రేటు లేని పనికి లెక్క కట్టుడు ఎట్ల?

(హనుమకొండలో వీడియోగ్రాఫర్ల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. జనగామ, పరకాల, ములుగు, హుజూరాబాద్ దిక్కు నుంచి పొద్దున్నే బయలెల్లి వచ్చిన అన్నలకు, తమ్ముళ్లకు, అక్కచెల్లెళ్లకు ప్రత్యేకంగ నమస్కారం.

పెళ్లికి మన దగ్గర రేటు ఉన్నది. ట్రెడిషనల్ వీడియో ఎంత, క్యాండిడ్ ఎంత, డ్రోన్ ఎంత, ఎల్ఈడీ స్క్రీన్ ఎంత, ఆల్బమ్ షీటుకు ఎంత అన్నది పార్టీకి, అంటే పని ఇచ్చినాయనకు, ముందే తెలుసు, మనకూ తెలుసు. తిప్పలు ఎక్కడ మొదలైతదంటే, ఫోన్ చేసినాయన పెళ్లి కాదు, శారీ ఫంక్షన్ కాదు, ఇంకేదో అడిగినప్పుడు. "రాత్రంతా ఒగ్గుకథ, ఒక్క ముక్క పోకుండ తీయాలె." "మా షెడ్డు కట్టుడు పునాది కాడికెల్లి ఆఖరు దాకా పది నెలలు తీయాలె." "బొగ్గు గనిలో కొత్త మిషన్ నడిపేది ట్రైనింగ్ కోసం తీయాలె." అప్పుడు మనం చేసే పని ఏంది? పెళ్లి రేటు తెచ్చి దాని మీద పెడతం. దినానికి ఇంత, కెమెరాకు ఇంత. ఫోన్ పెట్టేసే లోపల్నే నోటి మాటగ ఒక అంకె చెప్పేస్తం. నష్టం అక్కడనే రాసిపెట్టి ఉంటది.

పెళ్లి రేటు వెనుక ఎన్నో వందల పెళ్లిళ్ల సగటు ఉన్నది. జీలకర్ర బెల్లం ఎప్పుడు, తలంబ్రాలు ఎప్పుడు, అప్పగింతలు ఎంతసేపు, ఎడిటింగ్‌కు ఎన్ని దినాలు అనేది కండ్లు మూసుకొని చెప్పగలుగుతం. ఫంక్షన్ హాల్లో కరెంటు ఉంటది, జనరేటర్ ఉంటది, అన్నం ఉంటది. ఒక పెళ్లిలో పోయింది ఇంకో పెళ్లిలో వస్తది. కొత్త రకం పనికి ఆ సగటు లేదు. ఒక్కటే పని, ఒక్కసారే. అందులో పోతే పోయినట్టే.

కాబట్టి ఇసొంటి పనికి మార్కెట్‌లో రేటు వెతకొద్దు. పనిని విప్పండి. విప్పితే మూడు కుప్పలైతయి: మనుషుల దినాలు, వస్తువులు, తెలియని సంగతులు. మొదటి రెండూ మనలో చానామంది ఎంతో కొంత లెక్క వేస్తరు. మూడోదాన్ని సున్నా అని వదిలేస్తరు. ఇయ్యాల నేను ఎక్కువ మాట్లాడేది ఆ మూడోదాని గురించే. దానికీ ధర ఉంటది, దాన్నీ కాగితం మీద రాయాలె.

ముందు మీ దినం ధర. ఇది పార్టీకి చెప్పేది కాదు, మీకు మీరు తెలుసుకునేది. లెక్క కోసం అంకెలు అనుకుందాం, మీ ఇంటికి పోయినంక మీ అంకెలు పెట్టుకోండి. 6,00,000 రూపాయల సామాను ఉన్నది, నాలుగేండ్లలో మార్చాలె. ఏడాదికి 1,50,000. గది కిరాయి, కరెంటు, ఇంటర్నెట్, సాఫ్ట్‌వేర్, రిపేర్లు కలిపి 1,20,000. ఇల్లు నడవనీకి నెలకు 35,000 చొప్పున 4,20,000. మొత్తం 6,90,000. ఇప్పుడు దీన్ని 365తోటి భాగిస్తే తప్పు. పైసలు వచ్చే దినాలతోటే భాగించాలె. షూటింగ్ దినాలు, ఎడిటింగ్ దినాలు కలిపి ఏడాదికి 120 అనుకోండి, మిగతాయి తిరుగుడు, మాట్లాడుడు, బాకీ వసూలు. 6,90,000ను 120తోటి భాగిస్తే 5,750. ఇది మీ నేల, అంతకన్న దిగకూడని ధర. దీని కింద పోతే మీ కెమెరా మీరే అమ్ముకొని తింటున్నట్టు. దీని మీద 20 శాతం లాభం వేస్తే 6,900. ఇది మీ దినం ధర. కొందరు ఎడిటింగ్ దినాన్ని దినమే కాదనుకుంటరు, ఇంట్ల కూసొని చేసేదే గద అని. కుర్చీల కూసున్న దినం కూడా మీ 120లో ఒకటి. దానికీ అదే 6,900.

ఇంకొకటి మన దగ్గర ఉన్న లెక్క. ఆషాఢంలో, పుష్యంలో, మూఢాల్లో మన దినాలు ఖాళీగ ఉంటయి. అప్పుడు వచ్చిన పనిని 5,750కి ఒప్పుకున్నా తప్పు లేదు. అదే మాఘంలోనో వైశాఖంలోనో శ్రావణంలోనో గట్టి ముహూర్తం నాడు తీయమన్నరనుకోండి, ఆ నాడు మీరు వదులుకునే పెళ్లిలో మీకు మిగిలేది ఎంతనో అది ఈ పనిలో కలపాలె. పార్టీకి కూడా సక్కగ చెప్పొచ్చు: "సార్, ఈ తారీఖు అయితే ఇంత, పది దినాలు అటు జరిపితే ఇంత." పంచాంగం చూసి కొటేషన్ ఇచ్చుడు మన వ్యాపారంలో న్యాయమే. పార్టీ సగం సార్లు తారీఖు మారుస్తది.

ఇప్పుడు ఒగ్గుకథ పనినే పూర్తిగ విప్పుదాం. అడిగింది ఒక పరిశోధన సంస్థ అనుకోండి. రాత్రి 10 గంటల నుంచి తెల్లారి 6 దాకా, ఊళ్లె గుడి ముంగట, మల్లన్న కథ. మూడు కెమెరాలు, మొత్తం రికార్డు, తర్వాత కట్ చేసిన పూర్తి వీడియో. వాళ్ల మనసుల ఉన్న మాట: "ఒక్క రాత్రే గదా, ఒక ముప్పై వేలు."

మొదటి ప్రశ్న ఎప్పుడైనా ఇదే: తప్పు పోతే మళ్లీ తీయగలుగుతమా? కంపెనీ ఇంటర్వ్యూ అయితే తెల్లారి మళ్లీ కూసోబెట్టొచ్చు. ఒగ్గు పూజారులు మొక్కు కోసం చెప్తున్న కథను మనకోసం మళ్లీ చెప్పరు. పట్నం వేస్తరు. పసుపు, కుంకుమ, పిండి రంగులతోటి గంటల తరబడి నేల మీద గీస్తరు. ఆఖరుకు తొక్కి చెరిపేస్తరు. ఆ పట్నాన్ని పైనుంచి తీయకపోతే ఇగ లేదు. పైనుంచి తీయాలంటే మొదలు పెట్టకముందే పొడుగు కట్టె మీదనో, స్టాండు చేయి మీదనో కెమెరా కట్టి ఉండాలె. గీత మొదలైనంక అందులో కాలు పెట్టనియ్యరు, పెట్టొద్దు కూడా. ఈ ఒక్క షాటు కోసం సాయంత్రం 5 గంటలకే అక్కడ ఉండాలె. అంటే మీ పని 10కి మొదలు కాలేదు, 5కే మొదలైంది. ఇంటికొచ్చి పడుకునేటాళ్లకు తెల్లారి 9. ఆ దినమంతా ఎవ్వరూ ఇంకో పనికి పనికిరారు. అందుకే రాత్రి పనిలో ప్రతి మనిషికీ రెండు దినాలు రాయాలె. ఇది ఉదారం కాదు, నిజమైన ఖర్చు.

డేటా చూడండి. 4కేలో సెకనుకు 100 మెగాబిట్ల మీద తీస్తే గంటకు 45 జీబీ. మూడు కెమెరాలు, ఎనిమిది గంటలు: 1,080 జీబీ. రెండు కాపీలు పెట్టాలంటే 2 టీబీ డిస్కులు రెండు. 128 జీబీ కార్డు మీద సుమారు 2 గంటల 45 నిమిషాలు పడుతది. కెమెరాకు మూడు చొప్పున తొమ్మిది కార్డులు, స్పేర్ రెండు. అన్ని కార్డులు లేకుంటే అక్కడనే ల్యాప్‌టాప్‌లో ఎక్కించనీకి ఒక మనిషి కావాలె. ఆ మనిషికి కాపీ చేసుడు తప్ప వేరే పని చెప్పొద్దు. నిద్రమత్తుల తెల్లారి మూడు గంటలకు నిండిన కార్డును ఖాళీ కార్డు అనుకొని ఫార్మాట్ చేసుడు ఇసొంటి పనుల్లో జరిగే పెద్ద ప్రమాదం. నిండిన కార్డు ఎర్ర డబ్బాలో, కాపీ అయ్యి సరిచూసినంక మాత్రమే పచ్చ డబ్బాలో. రెండు ప్లాస్టిక్ డబ్బాల ఖర్చే.

కెమెరాలు కూడా. పాత డీఎస్ఎల్ఆర్ కెమెరాలు చానా మటుకు 29 నిమిషాల 59 సెకన్లకు రికార్డింగ్ ఆపేస్తయి. మూడు కెమెరాలు ఒకేసారి మొదలుపెడితే మూడూ ఒకేసారి ఆగుతయి, కథలో నడిమిట్ల ముక్క పోతది. పది నిమిషాల తేడాతోటి మొదలుపెట్టాలె. కొన్ని కొత్త మిర్రర్‌లెస్ కెమెరాలు ఎండాకాలం రాత్రి కూడా 4కేలో వేడెక్కి ఆగుతయి. బ్యాటరీ జాగల డమ్మీ బ్యాటరీ, అంటే వైరు ఉన్న ఉత్త డబ్బా, పెట్టి నేరుగ కరెంటు ఇచ్చుకుంటే మేలు, కానీ ఊళ్లె రాత్రి వోల్టేజీ పడిపోతే కెమెరా టప్పున ఆగి ఆ ఫైలు పాడైతది. నడుమ చిన్న యూపీఎస్ ఉండాలె. జనరేటర్ పెడితే కనీసం 30 మీటర్ల అవతల, గోడ చాటున. దగ్గర పెడితే ఆ హోరు ప్రతి మైకులో ఉంటది, తర్వాత తీయలేరు. ట్యూబులైట్ల కింద షట్టర్ 50 మీదనో 100 మీదనో పెట్టాలె, లేకుంటే గీతలు కొట్టుకుంటయి.

సౌండు ఇంకా కష్టం. డోలు దెబ్బకు లెవెల్ ఒక్కసారి ఎగిరి పగులుతది, అదే కథకుడు గొంతు దించి చెప్పే ముచ్చట వినపడదు. 32 బిట్ ఫ్లోట్ రికార్డర్, అంటే పెద్ద చప్పుడునూ చిన్న చప్పుడునూ పగలకుండ పట్టేది, కిరాయికి తెచ్చుకుంటే సగం గండం గడుస్తది. కథకుని మెడ కాడ పెట్టిన మైకు చెమటకు తడుస్తది, గజ్జెల చప్పుడు పడుతది. ఇంకో మైకు స్టాండు మీద తప్పకుండ ఉండాలె. కాలర్ మైకు బ్యాటరీ తెల్లారే దాకా నడవదు, రెండో సెట్ కావాలె. రికార్డర్ గడియారం వేరు, కెమెరా గడియారం వేరు. మొదట్ల కలిసినా తెల్లారేటాళ్లకు పెదాలు ఒక దిక్కు, మాట ఒక దిక్కు పోతయి. కార్డు మార్చిన ప్రతిసారీ ఒకసారి చప్పట్లు కొట్టి కెమెరాకు చూపెట్టండి, ఎడిటింగ్‌లో మాటను బొమ్మతోటి కలపనీకి అదే గుర్తు. కథ పక్కన కొట్టే చప్పట్లే గద, ఎవ్వరూ ఏమనుకోరు.

ఇవన్నీ ఎందుకు చెప్తున్ననంటే, ప్రతి గండానికీ ఒక వస్తువో ఒక మనిషో జవాబు. ప్రతి జవాబుకూ పైసలు. గండం తెలియకుంటే ఆ పైసలు కొటేషన్‌లోకి రావు, తర్వాత మన జేబులకెల్లి పోతయి.

ఎడిటింగ్: ఎనిమిది గంటల మెటీరియల్‌ను మల్టీక్యామ్‌లో, అంటే మూడు కెమెరాలను పక్కపక్కన పెట్టి, కట్ చేయాలంటే ముందు కనీసం ఎనిమిది గంటలు చూడాలె. ఆగుకుంట, దిద్దుకుంట చేస్తే మూడు దినాలు. సింక్ చేసుడు, అంటే మాటను బొమ్మతోటి కలుపుడు, సగం దినం. సౌండు దినంనర. రంగులు ఒక దినం. ఎక్స్‌పోర్ట్, అంటే ఆఖరు వీడియో ఫైలు తయారయ్యుడు, రాత్రంతా నడుస్తది, అది మిషన్ పని అనుకుందాం. ఎక్స్‌పోర్ట్ అయినంక మొత్తం ఒకసారి చూడకుండ ఇయ్యొద్దు, అది ఇంకో దినం. పార్టీ చెప్పే దిద్దుబాట్లకు ఒక దినం. మొత్తం ఎనిమిది దినాలు. "ఒక్క రాత్రే గదా" అన్న పనికి ఎడిటింగ్ ఎనిమిది దినాలు!

ఇగ కూడుదాం. ముందుగ ఊరు చూసి వచ్చే దినం, 6,900. మీ రాత్రి పని రెండు దినాలు, 13,800. ఇద్దరు కెమెరామెన్లు దినానికి 3,500 చొప్పున రెండు దినాలు, 14,000. సౌండు మనిషి 4,000 చొప్పున 8,000. కార్డుల మనిషికి రెండు దినాలకు 3,000. ఎడిటింగ్ ఎనిమిది దినాలు, 55,200. కిరాయి సామాను 12,000. డిస్కులు రెండు, 13,000. బండి, తిండి 6,000. మొత్తం 1,31,900. మళ్లీ తీయలేని పని కాబట్టి తెలియని సంగతులకు 15 శాతం, 19,785. సుమారు 1,52,000.

ముప్పై వేలు ఎక్కడ, లక్షా యాభై రెండు వేలు ఎక్కడ! ముప్పైకి ఒప్పుకున్నోళ్లు చెడ్డోళ్లు కాదు, మోసం చేసెటోళ్లు కాదు. వాళ్లు రాత్రిని లెక్కవెట్టిండ్రు, మిగతా దినాలను లెక్కవెట్టలే. ఏమైతది తర్వాత? ఎడిటింగ్ మూడు నెలలు పడి ఉంటది, పెళ్లి పనులు ముందుకొస్తయి, సంస్థ వాళ్లు ఫోన్లు చేసి చేసి యాష్టకొస్తరు, ఆఖరుకు అడ్డదిడ్డంగ కట్ చేసి ఇచ్చేస్తరు. ఒక ఒగ్గుకథ పూర్తి పాఠం దొరికే అవకాశం అట్ల పోతది. కథలు చెప్పే పెద్దమనుషులు తగ్గిపోతున్న రోజుల్లో ఇది చిన్న నష్టం కాదు. సరైన ధర అడుగుడు ఆ కళకు చేసే మర్యాద కూడా.

సబ్‌టైటిల్స్ ఇందులో లేవు, గమనించండి. "అడుగున ఇంగ్లీషు వచ్చేటట్టు చూడు తమ్మీ" అని ఆఖర్ల ఒక్క మాట అంటరు. ఒక గంట కథను విని తెలుగులో రాయనీకి ఆ యాస, ఆ పాట తెలిసిన మనిషికే ఐదారు గంటలు పడుతది. ఎనిమిది గంటలకు 40 నుంచి 48 గంటలు, అనువాదం కాకుండనే. అది వేరే మనిషి పని, వేరే కాగితం.

కళాకారుల సంగతి కూడా ముందే తేల్చుకోవాలె. వాళ్ల పారితోషికం ఎవరిస్తరు, ఎప్పుడిస్తరు? కొటేషన్‌లో "కళాకారులకు ఇచ్చేది పార్టీ నేరుగా ఇయ్యాలె" అని రాయండి. మన దేశ కాపీరైట్ చట్టంలో ప్రదర్శన చేసెటోళ్లకు హక్కు ఉన్నది, 50 ఏండ్లు ఉంటది. వాళ్ల ఒప్పుకోలు లేకుండ రికార్డు చేసుడు ఆ హక్కును కాలరాసుడే. దళంలో అందరి సంతకాలు, లేదంటే వేలిముద్రలు, ఒక కాగితం మీద తీసుకోండి. ఎక్కడ చూపెట్టనీకి ఒప్పుకున్నరో అందులో సాఫుగ ఉండాలె. చదివి వినిపించి తీసుకోండి.

పార్టీ ఎక్కువైందంటే? రేటు తగ్గించొద్దు, పని తగ్గించండి. ఇక్కడ చానామంది పొరపాటు పడేది ఏందంటే, ఒక కెమెరా తీసేద్దామంటరు. మూడో కెమెరా తీసేస్తే తగ్గేది ఆ కెమెరామెన్ 7,000, కొంచెం కిరాయి. అంతే. బరువంతా ఎడిటింగ్ మీద ఉన్నది. కాబట్టి ఇట్ల చెప్పండి: ఒక కదలని కెమెరా రాత్రంతా వెడల్పుగ తీసింది కట్ చేయకుండ, మంచి సౌండుతోటి పూర్తిగ ఇస్తం, మిగతా రెండు కెమెరాలతోటి గంట సేపు వీడియో మాత్రం కట్ చేస్తం. పరిశోధన చేసెటోళ్లకు అదే ఎక్కువ అక్కరకొస్తది. ఇంకో దారి, అక్కడనే స్విచ్చర్, అంటే బటన్ నొక్కి ఒక కెమెరా నుంచి ఇంకో కెమెరాకు మార్చే మిషన్, పెట్టి లైవ్‌గ మిక్స్ చేసుడు. మూడు దినాల కటింగ్, అంటే 20,700 తగ్గుతది. కానీ రాత్రి రెండు గంటలకు తప్పు బటన్ నొక్కితే ఆ తప్పు ఎప్పటికీ ఉంటది. ఈ మాట పార్టీకి ముందే చెప్పి ఒప్పించాలె.

మూడో కుప్పకు వస్త. శాతం ఎంత వేయాలె? నేను చెప్పే కొలత ఇది. మళ్లీ తీయగలిగే పనికి 5 నుంచి 10. ఒక్కసారే జరిగే పనికి 15 నుంచి 20. వాన మీదనో, వేరే కాంట్రాక్టర్ మీదనో, జనం మీదనో ఆధారపడే పనికి 25. అంతకన్న ఎక్కువ అనుమానం ఉంటే శాతంతోటి కాదు, ముందు ఒక టెస్టు దినం అడగండి. పైసలకే. "ఒక దినం వచ్చి చూసి, ఒక నిమిషం నమూనా తీసి, లెక్క ఇస్త. దానికి ఇంత. పని మాకే ఇస్తే ఆ పైసలు బిల్లులకెల్లి తీసేస్తం." నిజంగ పని చేయించుకునే పార్టీ దీనికి ఒప్పుకుంటది. ఒప్పుకోకుంటే అది కూడా మనకు ఒక సమాచారమే.

కొన్ని తెలియని సంగతులకు ఏ శాతమూ చాలదు. మేడారం జాతర నుంచి మొబైల్ నెట్‌వర్క్ మీద లైవ్ ఇస్తమని పూచీ పడొద్దు. లక్షల ఫోన్లు ఉన్న కాడ అప్‌లోడ్ నిలబడదు. రికార్డు చేసి పంపుతం అని రాయండి, లైవ్ కావాలంటే ఆ లింకు ఏర్పాటు పార్టీదే అని రాయండి. గని పనిలో షూటింగ్ కన్నా ఎదురుచూసుడు ఎక్కువ: గేటు పాసు, సేఫ్టీ ఆఫీసర్, పేలుళ్ల టైం. హెల్మెట్, బూట్లు ఏసుకొని కూసున్న దినానికి కూడా ధర ఉండాలె. "మా తప్పు లేకుండ షూటింగ్ ఆగితే ఆ దినానికి 60 శాతం" అని ఒక్క వాక్యం. రామప్ప, వేయిస్తంభాల గుడి, ఖిలా వరంగల్ లాంటివి కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్నయి. అనుమతి, దాని ఫీజు, డిపాజిటు, దానికి పట్టే టైం అన్నీ పార్టీ ఖాతాలో. డ్రోన్ కూడా అంతే. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం గ్రీన్ జోన్‌లో, అంటే ముందు అనుమతి అక్కరలేని జాగల, 400 అడుగుల దాకా ఎగరేయొచ్చు, కానీ 250 గ్రాములు దాటినదాన్ని వ్యాపారం కోసం ఎగరేయాలంటే రిజిస్ట్రేషన్ నంబరు, పైలట్ సర్టిఫికెట్, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండాలె. జోన్ మ్యాపు మారుతుంటది, ప్రతి పనికీ కొత్తగ చూడాలె.

రెండో ఉదాహరణ తొందరగ చెప్త. టెక్స్‌టైల్ పార్కు దిక్కు ఒక కంపెనీ షెడ్డు కడుతున్నది, పది నెలల టైమ్‌లాప్స్, అంటే ఆగి ఆగి తీసిన ఫొటోలను కలిపి వేగంగ నడిపించే వీడియో, కావాలె, ఆఖరుకు రెండు నిమిషాల వీడియో. వాళ్లు అడిగేది "నిమిషానికో ఫొటో తీయండి" అని. పొద్దున 6 నుంచి సాయంత్రం 6 దాకా పది నిమిషాలకు ఒకటి తీస్తే దినానికి 73, మూడొందల దినాలకు 21,900 ఫొటోలు. సెకనుకు 25 చొప్పున 14 నిమిషాల 36 సెకన్ల వీడియో. కావాల్సింది 3,000 ఫొటోలే, అంటే ఏడింతల నిల్వ ఉన్నట్టు. నిమిషానికొకటి అంటే 2,16,300 క్లిక్కులు. లక్ష క్లిక్కులు తట్టుకునే షట్టర్ నడిమిట్లనే పోతది. ఈ లెక్క చూపెడితే పార్టీ మారు మాట్లాడదు.

కెమెరా ముఖం ఉత్తరం దిక్కు పెట్టుకోండి, ఏడాదిలో ఎక్కువ భాగం ఎండ లెన్సులో కొట్టదు. ఫోకస్ మాన్యువల్‌లో పెట్టి రింగు మీద టేపు వేయండి, స్టెబిలైజర్ బంద్ చేయండి. డబ్బాలో సిలికా జెల్ వేయండి, లేకుంటే వానకాలం అద్దం లోపల మంచు పడుతది. పదిహేను దినాలకోసారి పోవాలె. కార్డు కోసం కాదు. ఫొటోకు 10 ఎంబీ అనుకుంటే పదిహేను దినాలకు 11 జీబీ కూడా నిండదు. అద్దం మీద దుమ్ముకు, కందిరీగల గూడుకు, సాలెపురుగుకు పోవాలె. మేస్త్రీలు ముంగట పరంజా కట్టిండ్రా, స్తంభాన్ని ఎవరన్న కదిలిచ్చిండ్రా చూడనీకి పోవాలె. ఇది ఎక్కువ పాడయ్యేది మిషన్ వల్ల కాదు, ముంగట నిలబెట్టిన క్రేన్ వల్లనే.

ధరను మూడు ముక్కలు చేయాలె. పెట్టుబడి: కెమెరా, డబ్బా, సోలార్, బ్యాటరీ 65,000, బిగించనీకి రెండు దినాలు 13,800, కలిపి 78,800. ఆ కెమెరా పది నెలలు ఎండావానల్లో ఉంటది, తిరిగొచ్చినా దాని మీద ఆశ పెట్టుకోవద్దు, పూర్తి ధర ఈ పనికే రాయండి. నెల ఖర్చు: రెండు సార్లు పోయొచ్చుడు 8,000, ఫొటోలు సరిచూసుడు 2,000, పది నెలలకు లక్ష. ఆఖరు ఎడిటింగ్ నాలుగు దినాలు, 27,600. మొత్తం 2,06,400. దీనికి 25 శాతం, 51,600. 2,58,000. ఇందులో ప్రాణమున్న వాక్యం ఇంకోటి: "పదకొండో నెల నుంచి నెలకు 12,500." కట్టుడు పది నెలల్లో అయిపోయిన షెడ్డు చాలా తక్కువ. పెట్టుబడి సొమ్ము మొత్తం స్తంభం నాటకముందే చేతికి రావాలె. సామాను దొంగలు పడితే బాధ్యత సైటు వాళ్లదని రాయించుకోవాలె.

పైసల వసూలు, కాగితాలు. ఒగ్గుకథ లాంటి పనికి సగం ముందుగ, 40 శాతం షూటింగ్ తెల్లారి, 10 శాతం ఆఖరుకు. రెండు సార్ల దిద్దుబాట్లు ఈ ధర లోపలే, మూడోది మొదలు దినానికింత. దిద్దుబాట్లు ఒక్క మనిషి నుంచే రావాలె; డైరెక్టర్ ఒకటి, మేనేజర్ ఇంకోటి చెప్తే తేలదు. ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటకపోతే జీఎస్టీ తప్పనిసరి కాదు. రిజిస్టర్ అయి ఉంటే "18 శాతం అదనం" అని కొటేషన్ మీదనే రాయాలె, బిల్లుల కొత్తగ కలిపితే లొల్లి అయితది. కంపెనీ టీడీఎస్, అంటే పైసలిచ్చే ముందే ఆదాయపు పన్ను, కోస్తది. కాంట్రాక్టు కింద అయితే మనలాంటి ఒక్క మనిషికి 1 శాతం, ప్రొఫెషనల్ కింద అయితే 10 శాతం. ఏది కోస్తరో ముందే అడగండి. అది పోయిన సొమ్ము కాదు, రిటర్నులో లెక్కకొస్తది, కానీ చేతికొచ్చేది తగ్గుతది కాబట్టి మనుషుల కూలికి ఇబ్బంది కావొద్దు.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు, చేయించుకోండి, ఆన్‌లైన్‌లో ఉచితం. చిన్న వ్యాపారాల కోసం ఉన్న 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం, ఒప్పందం ఉన్నా సరే 45 దినాలకు మించి మన బిల్లు ఆపొద్దు, రాతపూర్వక ఒప్పందం లేకుంటే 15 దినాలే. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. పని మొదలు కాకముందే రిజిస్టర్ అయి ఉండాలె. బిల్లు మీద ఉద్యమ్ నంబరు వేయండి, అకౌంట్స్ వాళ్లు ఆ నంబరు చూస్తరు.

హక్కుల సంగతి. 1957 కాపీరైట్ చట్టంలో, పైసలిచ్చి తీయించుకున్న ఫిల్ముకు వేరే ఒప్పందం లేకుంటే తీయించుకున్నాయనే మొదటి హక్కుదారు. కెమెరా మనది కాబట్టి హక్కు మనదే అనుకుంటరు, కాదు. మనకు ఏమన్న ఉంచుకోవాలని ఉంటే, నమూనా చూపెట్టుకునే అనుమతి అయినా సరే, ముందే రాయించుకోవాలె. ఎడిట్ చేయని మొత్తం ఫుటేజ్ ఇయ్యాలా, ఇస్తే ఎంత, అది ఒక వాక్యం.

"మనోడే గదా, కాగితం ఎందుకు" అనిపిస్తది, తెలుసు. పెద్దమనుషుల ముంగట అగ్రిమెంటు తీయనీకి మొహమాటం. అగ్రిమెంటు వద్దు, వాట్సాప్‌లో రాయండి. "అన్నా, మీరు చెప్పినట్టు 14వ తారీఖు రాత్రి 10 నుంచి 6 దాకా మూడు కెమెరాలు, కట్ చేసిన వీడియో ఒకటి. సబ్‌టైటిల్స్ ఇందులో లేవు. ఇది ఓకేనా?" వాళ్ల "ఓకే" మీ దగ్గర ఉంటది. పని నడుమ కొత్తది అడిగినా అట్లనే, అదే దినం: "అన్నా, ఇంకో రాత్రి కలిస్తే ఇంత అయితది, చేయమంటరా?" పని అయినంక అడిగే అదనం ఎవ్వరికీ రాదు, ముందు అడిగింది వస్తది.

ఆఖరుగ డిస్కులు. కొటేషన్ 15 దినాల దాకా చెల్లుతదని రాసినట్టే, ఫుటేజ్ మా దగ్గర 90 దినాలు ఉంటదని రాయండి. ఆ తర్వాత ఉంచాలంటే నెలకింత. తుడిచేదానికి ఒక వారం ముందు మెసేజ్ పెట్టండి. డిస్కు ఇచ్చేటప్పుడు పార్టీ ముంగటనే రెండు మూడు ఫైళ్లు తెరిచి చూపెట్టి, ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు కాగితం మీద రాసి సంతకం తీసుకోండి. ఇప్పుడు మీరు తెచ్చిన కొటేషన్లు బయటకు తీయండి, ముందుగ మూడో కుప్ప ఎక్కడ రాసి ఉన్నదో వెతుకుదాం.